నీడలో ఉన్నవాళ్ళని నల్లగా చేసెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

మీ పేపర్లో ఆదివారం ఆదివారం పాఠకులు పంపిన పాత ఫోటోలు వేస్తున్నారు కదా, మా ఇంట్లో అందరం ముందు ఆ పేజీయే తీస్తాం. కానీ ఈ మధ్య వస్తున్నవాటిల్లో చాలావరకు పందిరి కింద, అరుగు మీద, గొడుగు కింద ఉన్న మనుషులు నల్లగా ముద్దలా పడుతున్నారు, మొహం ఎవరిదో పోల్చుకోలేకపోతున్నాం. పాతవి కాబట్టి అలాగే ఉంటాయిలే అనుకోకండి, చాలాసార్లు అది స్కానింగ్‌లో జరిగే పొరపాటు. మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెప్తున్నా.

మా నాన్నగారు సైన్స్ మాస్టారు, కెమెరా అంటే ప్రాణం. డబ్బులు కూడబెట్టి మరీ స్లైడ్ ఫిల్మ్ (వెలుతురుకి పట్టుకుంటే నెగటివ్‌లా కాకుండా అసలు రంగుల్లోనే బొమ్మ కనపడే ఫిల్మ్) కొనేవారు, ఎందుకంటే గోడకి తెల్లపంచె కట్టి ప్రొజెక్టర్ వేస్తే వీధి వీధంతా కూర్చుని చూడొచ్చని. 1979 గోదావరి పుష్కరాలకి కోటిపల్లి రేవులో తీసిన స్లైడ్ ఒకటుంది. అవతల ఎండలో నది, పంటు, ఇవతల తాటాకు పందిరి, పందిరి కింద మా అమ్మ, చంకలో తమ్ముడు. ఇంట్లో ఆల్బమ్‌లన్నీ 1986 వరదకి పోయాయి, స్లైడ్ల డబ్బా అటక మీద ఉండబట్టి దక్కింది, అంచేత ఆ వయసులో అమ్మని చూడాలంటే మాకు అదొక్కటే.

నిరుడు డబ్బా మొత్తం ఒక స్టూడియోలో ఇచ్చి స్కాన్ చేయించాను. పెన్‌డ్రైవ్ ఇంటికి తెచ్చి పెట్టి చూస్తే పందిరి కింద అమ్మ లేదు, నల్లటి మచ్చ ఉంది. స్లైడే పాడైపోయిందేమో అనుకుని ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్న ఆ స్లైడ్ తీసి కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని భూతద్దం పెట్టి చూశాను. అమ్మ ఉందండీ. ముక్కుపుడక మెరుపుతో సహా ఉంది, తమ్ముడి నెత్తి మీద ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. స్లైడ్‌లో ఉన్న మనిషి స్కాన్‌లో లేదు, అంతే తేడా.

అప్పట్నుంచి మా అబ్బాయి చేత ఫిల్మ్ స్కాన్ చేసే స్కానర్ కొనిపించి నేనే కూర్చుని నేర్చుకుంటున్నా. తెలిసిందేంటంటే, స్లైడ్‌ని చీకటి గదిలో గోడ మీద వేసి చూడ్డానికి తయారుచేశారు, అందుకే దాంట్లో వెలుగుకీ నీడకీ మధ్య తేడా చాలా ఎక్కువ ఉంటుంది. స్కానర్‌లో అన్నీ ఆటోలో వదిలేస్తే అది కాంట్రాస్ట్ బాగా కొట్టొచ్చినట్టు కనపడాలని బ్లాక్ పాయింట్‌ని (ఎక్కణ్ణుంచి పూర్తి నలుపు అనుకోవాలో చెప్పే గీతని) పైకి జరిపేస్తుంది, అంటే హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత ఉందో చూపించే బొమ్మలో) చీకటి వైపు, ఎడమ చివర ఉన్న సన్నటి తోకని కత్తిరించేసి అదంతా నలుపు కింద లెక్కేస్తుంది. ఆ సన్నటి తోకలోనే మా అమ్మ ఉంది.

ఒకసారి కత్తిరించి జేపెగ్‌లో సేవ్ చేశాక ఫోన్లో ఎంత బ్రైట్‌నెస్ పెంచినా రాదండీ. జేపెగ్‌లో ఒక్కో రంగుకి నలుపు నుంచి పూర్తి వెలుగు దాకా 256 మెట్లే, నీడ భాగానికి వచ్చేవి అందులో ఏ పదో పదిహేనో, వాటిని లాగితే మొహం మీద చారలు, మరకలు వస్తాయి తప్ప మొహం రాదు. అదే 48 బిట్ అని పెట్టి టిఫ్ ఫైల్‌గా తీసుకుంటే ఒక్కో రంగుకి 16 బిట్లు, అంటే 65,536 మెట్లు, ఇక్కడ లాగడానికి సరుకు ఉంటుంది. నేను ఆటో తీసేసి, నదిలో ఎండ మెరుపు తెల్లగా కొట్టుకుపోకుండా ఎక్స్‌పోజర్ చూసుకుని, బ్లాక్ పాయింట్‌ని తోక మొదలయ్యేచోటికంటే కొంచెం ఎడమకే వదిలేసి స్కాన్ చేశాను. వచ్చింది చూస్తే ముందు చప్పగా, పొగమంచులో తీసినట్టుంటుంది, కంగారు పడక్కర్లేదు, అదే కావాలి. తర్వాత కర్వ్స్ అనే (వెలుగునీ నీడనీ విడిగా సరిచేసే) ఆప్షన్‌లో నీడల దగ్గర మాత్రం మెల్లిగా పైకెత్తాను. నాలుగోసారికి అమ్మ చెయ్యి కనపడింది, ఆరోసారికి మొహం.

రంగుల సంగతి ఇంకోటి. ఆటో కలర్ అనేది ఫోటోలో రంగులన్నీ కలిపితే సగటున బూడిదరంగు రావాలి అన్న లెక్క మీద నడుస్తుంది. మన కోనసీమలో ఏ ఫోటో తీసినా సగం కొబ్బరాకు, సగం వరిచేను, దానికేమో ఆకుపచ్చ ఎక్కువైపోయిందనిపించి దానికి ఎదురైన మెజెంటా (ఎరుపూ నీలం కలిసిన గులాబీరంగు) కలిపేస్తుంది, చేలు ఎండిపోయినట్టు, మనుషులు జ్వరం వచ్చినట్టు తయారవుతారు. సాయంత్రం గోదావరి మీద ఎర్రటి ఎండనైతే కడిగేసి నీలంగా చేస్తుంది. అందుకని ఆటో కలర్ ఆపేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ విడివిడిగా సరిచెయ్యాలి. తెల్లగా ఉంది కదా అని పంచె మీద నొక్కి ఇదే తెలుపు అని చెప్పకండి, అప్పట్లో పంచెలకి నీలిమందు పెట్టేవారు, మొత్తం ఫోటో పచ్చగా పసుపు పూసినట్టు తిరుగుతుంది. సిమెంటు గట్టో, సత్తు గిన్నో మేలు. స్లైడ్ మొత్తం గులాబీరంగులోకి పోయిందంటే మాత్రం అది సెట్టింగ్ తప్పు కాదు, పాత ఫిల్ముల్లో కొన్నిట్లో సయాన్ అనే నీలిపచ్చ రంగు వెలిసిపోవడం వల్ల అలా అవుతుంది, అక్కడ ఎర్ర ఛానల్‌ని సాగదీస్తే చాలావరకు వెనక్కొస్తుంది.

మా మావయ్య అమెరికా నుంచి తెచ్చిన స్లైడ్లు కోడాక్రోమ్ అనే ఫిల్మ్‌వి. ఆ ఫిల్మ్ 1935లో వచ్చింది, 2009లో తయారీ ఆపేశారు. చీకట్లో దాచితే రంగు అంత తేలిగ్గా పోదు, అవి ఇప్పటికీ నిన్న తీసినట్టున్నాయి. కాకపోతే మామూలు సెట్టింగ్‌తో స్కాన్ చేస్తే నీలం తిరుగుతాయి, దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ కూడా వాటి మీద సరిగ్గా పనిచెయ్యదు, అసలు బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కీ అంతే. స్టూడియోకి ఇచ్చేవాళ్ళు ఈ ముక్క ముందే చెప్పండి.

ఎడిటర్ గారూ, మీ డెస్క్ వాళ్ళకి నాదో విన్నపం. న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పాకుతుంది, చుక్కలు ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోతాయి, కాబట్టి కంప్యూటర్లో సరిపోయిన నీడ పేపర్లో ఇంకా నల్లబడుతుంది. దయచేసి పాత ఫోటోలకి ఆటో లెవెల్స్ (కంప్యూటరే వెలుగునీడల్ని సరిచేసే బటన్) కొట్టకుండా నీడల్ని ఒక పాలు ఎక్కువే ఎత్తి పంపించండి. పాఠకుల్ని కూడా వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో అసలు ఫైల్ పంపమని, స్లైడ్ అయితే కనీసం 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కల చొప్పున) స్కాన్ తియ్యమని ఆ పేజీ కింద రెండు లైన్లు వెయ్యండి. 2027లో మళ్ళీ పుష్కరాలు, ఎలాగూ అందరూ పాత పుష్కరాల ఫోటోలు వెతుకుతారు. స్కాన్ అయిపోయింది కదా అని స్లైడ్లు మాత్రం పారెయ్యొద్దని చెప్పండి, స్టూడియో స్కాన్ వచ్చిందని నేనూ పారేసి ఉంటే మా అమ్మ ఆ నల్లమచ్చగానే మిగిలిపోయేది. మన తేమకి బూజు పట్టకుండా సిలికా జెల్ వేసి డబ్బాలో మూత పెట్టి ఉంచుకుంటే చాలు, బూజు కనపడిందని తడిగుడ్డ పెట్టి మాత్రం తుడవకూడదు.

కోటిపల్లి ఫోటో టిఫ్ ఫైల్ ఈ ఉత్తరంతో పాటే మీ ఆఫీసు మెయిల్‌కి పంపిస్తున్నా. వేస్తే పందిరి కింద మనిషి కనపడేలా వెయ్యండి.

ఇట్లు,
ఓ పాఠకురాలు,
అమలాపురం