చీపురుపుల్ల దూరింది మామా!

అనంతపురం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు రాయనందుకు ఎంతైనా తిట్టు, పడతాను. ఇంట్లో అందరం బాగున్నాం. చెల్లికి పెనుకొండ కియాలో ఉద్యోగం వచ్చింది. శెనక్కాయ చేను వానకోసం చూస్తోంది. మిగతావి తర్వాత. ముందు పెద్దావిడ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పెద్దావిడ లేచింది రా!

నాన్న పోయాక షెడ్డులోనే ఉండిపోయింది కదా మన మార్క్ టూ అంబాసిడర్. 1489 సీసీ ఇంజను, బోరు (పిస్టన్ ఆడే గొట్టం) బాగానే ఉంది. స్టార్ట్ చేస్తే మాత్రం పైన ఒకటే టకటక. ఇంజను పైనున్న టాపెట్ మూత విప్పితే, వాల్వులను నొక్కే ఎనిమిది రాకర్లూ షాఫ్టు మీద వదులుగా ఊగుతున్నాయి, లోపలి బుష్‌లు (చిన్న లోహపు గొట్టాలు) అరిగిపోయి. బజారు నుంచి తెచ్చిన బుష్‌ల సెట్టులో ఒకటి బిగుతు, ఒకటి వదులు. ఇంక చేయించడమే అనుకుని టవర్ క్లాక్ వెనక సందులో లేత్ తాత దగ్గరికి పోయాను. నీ సైకిల్ ఇరుసు చేసిన ఆయనే. మన పాత జోకే, 'రెండు టీలు' అన్నాను, ఇప్పటికీ నవ్వాడు!

ఆయన ఫాస్ఫర్ బ్రాంజ్ కడ్డీని చక్‌లో బిగించి తిప్పుతుంటే నువ్వు చూడాల్సింది. పసుపు పొట్టు రవ్వలా రాలుతుంది. వైస్‌లో పెట్టి రాకర్‌లోకి నొక్కితే గట్టిగా పట్టుకోవాలని బుష్ బయటి కొలత వెంట్రుకవాసి ఎక్కువ ఉంచాడు. నొక్కాక లోపలి బొక్క కాస్త ముడుచుకుంటుందట, అందుకే బొక్కను సరైన కొలతకు తెచ్చే ఐదు సూతుల (అంగుళంలో ఐదు ఎనిమిదో వంతులు) రీమర్ చివర్లో వేశాడు. షాఫ్టుకు తొడిగి వదిలితే రాకర్ తన బరువుకే మెల్లగా వాలింది. అబ్బ, ఆ వాలడం!

రాప్తాడు దాకా పోయి వచ్చాను. ఇంటి ముందుకొచ్చేసరికి కీచుమని చప్పుడు. కాళ్లు చల్లబడ్డాయి రా. విప్పితే, రాకర్లను కింది నుంచి తోసే పుష్ రాడ్ల గుంటల్లో కూర్చునే స్క్రూలు రెండు ఎండిపోయి నీలం తిరిగాయి.

తాత ఏమీ మాట్లాడలేదు. చీపురుపుల్ల విరిచి ఒక్కో రాకర్ నెత్తినున్న నూనె చిల్లులో దూర్చాడు. ఆరింటిలో దూరింది, రెండింటిలో ఆగింది. బుష్‌కు చిల్లు ముందే వేసి తర్వాత నొక్కాడు కదా, నొక్కేటప్పుడు అది కాస్త తిరిగి చిల్లు పక్కకు పోయింది. నూనెకు దారి లేదు.

"తప్పు నాది నాయనా" అని ఎనిమిదీ మళ్లీ చేశాడు. డబ్బిస్తే చెయ్యి కూడా చాపలేదు. ఈసారి ముందు నొక్కి, రాకర్ చిల్లులోంచే డ్రిల్ దింపి, ఆ తర్వాత రీమర్. పని అదే, వరస మారింది. ఆ వరస... సరే, నువ్వొచ్చాక ఆయన నోటే విను.

పొద్దున మూత తీసి ఉంచే స్టార్ట్ చేశాం. మొదటి రాకర్ నెత్తిన నూనె బొట్టు ఊరింది. తర్వాత రెండోదాని మీద. ఎనిమిదోదాని దాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. అమ్మ లోపలికి వెళ్లి, ఇన్నాళ్లూ ఎవర్నీ ముట్టనివ్వని నాన్న పంచె తెచ్చి, చింపి నా చేతికిచ్చింది, తుడవమని. నేను... ఏం రాయాలో తెలియడం లేదు మామా.

ఇంకా కార్బ్యురేటర్ ఉంది, దాని సంగతి... అయ్యో, పక్కింటాయన బెంగళూరు బస్సుకు బయలుదేరాడు. ఈ కాగితం ఆయన చేతికే ఇస్తున్నా. సంక్రాంతికి రా, స్టీరింగ్ నీకే