ఈస్ట్ హామ్ గదుల్లో తలదాచుకుంటున్నవాళ్ల తరఫున బ్రిటన్ గృహనిర్మాణ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గృహనిర్మాణ, స్థానిక ప్రభుత్వ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరాన్ని ఇంగ్లీషులో మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. ఇందులో ఎవరి గురించి చెబుతున్నానో వాళ్లు దీన్ని చదవాలి. సెప్టెంబరు ఇన్‌టేక్‌కు విమానం ఎక్కబోయే పిల్లలు, వాళ్ల ఫీజుల కోసం పొలం తాకట్టు పెడుతున్న అమ్మానాన్నలు కూడా చదవాలి.

నేను తూర్పు లండన్‌లోని న్యూహామ్ బరోలో (మన మునిసిపాలిటీ లాంటి ఒక కౌన్సిల్ కింది ప్రాంతం), ఈస్ట్ హామ్‌లో అద్దెకు ఉంటున్నాను. హై స్ట్రీట్ నార్త్ మీద మహాలక్ష్మి గుడి నుంచి స్టేషన్ దాకా నడిస్తే తమిళుల సరుకుల కొట్లు, కేరళ హోటళ్లు, మన బిర్యానీ సెంటర్లు వరసగా కనబడతాయి. పక్క వీధుల్లోకి తిరిగితే బెంగాలీ, పంజాబీ, రొమేనియన్ మాటలు వినిపిస్తాయి. ఈ ప్రాంతం ఎప్పుడూ కాయకష్టం చేసేవాళ్లదే. ఒకప్పుడు రాయల్ డాక్స్‌లో ఓడల సరుకు దించారు. 1981లో ఆ రేవులు మూతపడ్డాయి. ఇప్పటివాళ్లు వేర్‌హౌసుల్లో పార్సిళ్లు సర్దుతున్నారు, కేర్ హోముల్లో ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తున్నారు, తెల్లవారకముందే బయల్దేరి కానరీ వార్ఫ్ ఆఫీసులు తుడుస్తున్నారు. వీళ్లు లేకుండా మీ నగరం ఒక్క పూట కూడా నడవదు.

వీళ్లు నిద్రపోయే చోటు గురించే ఈ ఉత్తరం.

వందేళ్ల కిందట ఒక కుటుంబం కోసం కట్టిన ఇళ్లివి. ముందు హాలుకు తలుపు బిగించి బెడ్‌రూమ్ చేస్తారు. పైన అటకను గది చేస్తారు, వెనక షెడ్డులోనూ మంచాలు వేస్తారు. అద్దె గదికి కాదు, మంచానికి. నేను చూసిన ఒక ఇంట్లో రాత్రి షిఫ్ట్ చేసి వచ్చిన కుర్రాడు, పగటి షిఫ్ట్‌కు వెళ్లే కుర్రాడు లేచిన మంచంలోనే పడుకుంటున్నాడు. దుప్పటి మాత్రం ఎవరిది వాళ్లదే. గోడకు నల్లగా బూజు. చలికాలంలో కిటికీ తీస్తే వణుకు, మూస్తే దగ్గు. వంటింట్లో ఎవరు ఎప్పుడు వండుకోవాలో వాట్సాప్ గ్రూపులో ముందే రాసుకుంటారు. చదువుకోవడానికి చోటు లేక అర్ధరాత్రి దాకా మెట్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునే పిల్లలు, ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు మాత్రం వీధిలోకి వెళ్లి నవ్వుతూ మాట్లాడతారు.

ఇది ఏదో ఒక ఇంటి కథ కాదని మీ లెక్కలే చెబుతున్నాయి. 2021 జనాభా లెక్కల్లో న్యూహామ్ జనాభా 3.5 లక్షలు. చాలినన్ని పడకగదులు లేని కుటుంబాలు ఇక్కడ ప్రతి 5లో ఒకటికి పైనే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంత ఇరుకు ఇంకెక్కడా లేదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో కోవిడ్ మరణాల రేటులోనూ న్యూహామే మొదటి స్థానంలో నిలిచింది. ఏప్రిల్ 17 నాటికి లక్షమందికి 144 మంది. ఇరుకు గదులే దానికి ఏకైక కారణమని నేను అనను. కానీ దగ్గుతున్న మనిషి వేరే గదిలో ఉండమంటే ఎక్కడికి పోతాడు?

మీ ప్రభుత్వం 2025లో అద్దెదారుల హక్కుల చట్టం తెచ్చింది. అందులో మంచి చాలా ఉంది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21ను రద్దు చేసింది. ఒక నెలకు మించి అద్దె ముందుగా అడగకూడదన్నారు. ఆరు నెలల అద్దె ముందే కట్టమంటే చేతిలో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చిన పిల్లలకు ఆ మాట విలువ బాగా తెలుసు. కౌన్సిల్ లైసెన్సు లేకుండా ఇల్లు అద్దెకిస్తే రెండేళ్ల దాకా అద్దె వెనక్కి ఇప్పించవచ్చన్నారు. మధ్యవాడి వెనక దాక్కున్న అసలు ఓనర్ మీద కూడా కేసు వేయవచ్చన్నారు.

అయితే ఈ చట్టం మంచం అద్దెకు తీసుకున్నవాడి దాకా రావడం లేదు. ఇల్లు ఎవరో ఒకరి పేరు మీద ఉంటుంది. అతన్ని మెయిన్ టెనెంట్ అంటారు. అతనూ అదే ఇంట్లో ఒక గదిలో ఉండి మిగతా మంచాలు ఇస్తాడు. అప్పుడు మీ చట్టం దృష్టిలో మిగతావాళ్లు టెనెంట్లు కారు, లాడ్జర్లు. వాళ్లను పంపించడానికి కోర్టు ఆర్డర్ కూడా అక్కర్లేదు. సాయంత్రం షిఫ్ట్ నుంచి వచ్చేసరికి బ్యాగ్ గుమ్మం బయట ఉంటే అడిగే దిక్కు లేదు. డబ్బు క్యాష్‌లో ఇచ్చారు, రసీదు లేదు, పేరు ఏ కాగితం మీదా లేదు. ట్రిబ్యునల్‌కు ఏం చూపిస్తారు?

ఆ మెయిన్ టెనెంట్ చాలాసార్లు మనవాడే, మంత్రి గారూ. మా తెలుగువాళ్లు చదువుతుండగా ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. ‘అన్నా’ అని నమ్మి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా అతని దగ్గరికే వస్తారు. వేరే దారి కూడా లేదు. లెటింగ్ ఏజెంట్ ఇక్కడి జీతం స్లిప్పు, ఇక్కడి గ్యారంటర్ (అద్దెకు పూచీ పడే మనిషి) కావాలంటాడు. నిన్న దిగిన పిల్లవాడికి అవి ఎక్కడివి? దేశంలో ఉండే అనుమతి లేనివాళ్లకు ఇల్లిస్తే మొదటిసారికే ఒక్కో మనిషికి 10,000 పౌండ్ల దాకా, మళ్లీ ఇస్తే 20,000 దాకా జరిమానా అని 2024లో పెంచారు. దాంతో విదేశీ పేరు చూడగానే ఓనర్ వెనకాడుతున్నాడు. ఓనరే వీసా చూసి ఇల్లివ్వాలనే ఈ తనిఖీల వల్ల కొందరు ఓనర్లు వివక్ష చూపుతున్నారని 2020లో మీ అప్పీలు కోర్టే ఒప్పుకుంది. అయినా పద్ధతి కొనసాగించవచ్చంది.

మరి కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు కదా అంటారు. బరో మొత్తం ప్రైవేటు అద్దె ఇళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసిన మొదటి కౌన్సిల్ ఇంగ్లండ్‌లో న్యూహామే, 2013 జనవరిలో. లైసెన్సున్న షేరింగ్ ఇంట్లో ఒక్కరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకు తగ్గకూడదని 2018లో ఇంగ్లండ్ అంతటికీ రూల్ పెట్టారు. రూళ్లకు కొదవ లేదు. కానీ ఫిర్యాదు చేస్తే మొదట రోడ్డున పడేది ఫిర్యాదు చేసినవాడే. ఇల్లు మూయిస్తే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి ప్రభుత్వ గృహసాయం అందదు. దానికితోడు భయం. 2012-13లో షెడ్లలో మంచాల మీద దాడులు చేసినప్పుడు హౌసింగ్ అధికారులతో పాటు ఇమిగ్రేషన్ వాళ్లూ తలుపు తట్టారు. ఆ సంగతి ఈ వీధులు మర్చిపోలేదు. వీసా సక్రమంగా ఉన్నవాళ్లు కూడా ఆఫీసరు అనగానే టెన్షన్‌తో తలుపు తీయరు.

ఈ మౌనం ప్రాణాలు తీస్తుంది. 2023 మార్చిలో మా పొరుగు బరోలోని షాడ్‌వెల్‌లో ఒక ఫ్లాట్‌లో ఈ-బైక్ బ్యాటరీ నుంచి మంటలు లేచాయి. పరిమితికి ఎన్నో రెట్ల మంది అందులో ఉంటున్నారు. కొద్దికాలం కిందటే బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక తండ్రి చనిపోయాడు. ఈస్ట్ హామ్‌లోనూ డెలివరీ చేసే కుర్రాళ్లు రాత్రిపూట మెట్ల కింద, బయటికి పోయే ఒకే ఒక్క దారిలో బ్యాటరీలు ఛార్జింగ్ పెడుతున్నారు.

న్యూహామ్‌లోని కానింగ్ టౌన్‌లో 1968 మే 16న రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల టవర్ ఒక మూల కూలిపోయింది. నలుగురు పోయారు. ఆ తర్వాతే దేశంలో భవనాల నిబంధనలు మారాయి. ఈసారి అలా జరగకముందే నాలుగు పనులు చేయండి.

ఇంటి పరిస్థితి మీద ఫిర్యాదు చేసినవాళ్ల వివరాలు ఇమిగ్రేషన్ చూసే హోం ఆఫీసుకు వెళ్లవని చట్టంలో రాయండి. అన్నిటికన్నా ఇదే ముఖ్యం, ఇది లేకపోతే మిగతావేవీ పనిచేయవు. మెయిన్ టెనెంట్ అదే ఇంట్లో ఉన్నా సరే, లైసెన్సు లేని ఇంట్లో అద్దె కడుతున్న ప్రతి మనిషినీ టెనెంట్‌గానే చూడండి. మెసేజ్‌లు, అక్కడికి వచ్చిన ఉత్తరాలు సాక్ష్యంగా చాలాలి. కౌన్సిల్ ఇల్లు మూయించినప్పుడు అందులోవాళ్లకు వేరే చోటు దొరికేదాకా వసతి ఇచ్చి, ఆ ఖర్చు ఓనర్ నుంచి రాబట్టండి. విదేశీ విద్యార్థుల ఫీజులతో నడుస్తున్న యూనివర్సిటీలు వాళ్లకు గ్యారంటర్‌గా నిలబడేలా చూడండి, ఇది మీ సాటి మంత్రులతో మాట్లాడాల్సిన విషయం.

కౌన్సిళ్లకు తనిఖీ అధికారులను పెట్టుకునే డబ్బు కూడా కావాలి. అది మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఈ నాలుగింటి మీద మీ శాఖ జవాబు కాగితం మీద కావాలి. ఒప్పుకోలేనిది ఉంటే ఎందుకో చెప్పండి. జవాబు వచ్చిన వారంలోనే దాన్ని తెలుగులోకి మార్చి ఇక్కడి రూమ్ షేరింగ్ గ్రూపులన్నింటిలో పెడతాను.

ఇట్లు,
ఈస్ట్ హామ్‌లో అద్దెకుంటున్న ఒక తెలుగువాడు