తారాబాయి పేరిట వచ్చిన చెక్కముక్కలకూ చింతగింజలకూ కృతజ్ఞతలు

ఏప్రిల్ 19, పల్లె పిల్లల తొలి చదువు కోసం పనిచేసిన తారాబాయి మోదక్ జయంతి. ఫొటోకీ దండకీ చందాలు వద్దు, ఇంట్లోనో కొట్లోనో మిగిలిపోయిన వస్తువులు ఇవ్వండి చాలని మా మూడు అంగన్‌వాడీల తరఫున అడిగాం. వడ్రంగి అన్నకూ, కుట్టుమిషను అక్కకూ, కుమ్మరి తాతకూ, చింతపండు కొట్టే ఇళ్ళవాళ్ళందరికీ నమస్కారాలు. ఎవరిచ్చింది ఏమైందో లెక్క చెప్పాలి కాబట్టి ఈ పోస్టు కాస్త పొడుగే.

చందాలు ఎందుకు వద్దన్నామంటే, ఆమె పద్ధతి అది. 1892లో పుట్టిన తారాబాయి రాజ్‌కోట్‌లో ప్రిన్సిపాల్ ఉద్యోగం వదులుకుని, 1923లో భావనగర్‌లో గిజుభాయి బధేకా నడిపే చిన్నపిల్లల బడి బాలమందిరంలో చేరారు. పిల్లలు చేతులతో పట్టుకుని నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతి సామాను ఖరీదైనది, కలిగిన ఇళ్ళ పిల్లలకే అందేది. 1945లో బొంబాయికి ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న బోర్డీలో అనుతాయి వాఘ్‌తో కలిసి పల్లె పిల్లల కోసం కేంద్రం పెట్టాక, చుట్టుపక్కల దొరికేవాటితోనే పాఠం నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకెళ్ళారు. తర్వాత కోస్‌బాడ్ కొండ మీద వార్లీ గిరిజన పిల్లల దగ్గరా అంతే. పశువుల వెంట పోయే పిల్లలకు పచ్చికబయలే తరగతి గది. వాకిలి అనే అర్థమున్న 'అంగన్' మన అంగన్‌వాడీ పేరులో ఉన్నది అందుకే.

ఇక చెక్కముక్కలు. వడ్రంగి అన్న టేకు, వేప తునకలతో 60 దిమ్మెలు చేసిచ్చారు. అన్నీ 2 అంగుళాల చదరం, పొడవు మాత్రం 2, 4, 8 అంగుళాలు. రెండు పొట్టివి కలిపితే ఒక నడిమిది, రెండు నడిమివి కలిపితే ఒక పొడుగుది కావాలి. లెక్కలకు పునాది పడేది అక్కడే. చూడ్డానికి సులువే గానీ, రంపం ప్రతి కోతకూ దాదాపు 2 మిల్లీమీటర్లు పొట్టు చేసేస్తుంది. 8 అంగుళాల ముక్కను సగానికి కోస్తే రెండూ కలిపి 8 రావు. అన్న దేనికది విడిగా కొలిచి కోశారు. ఆ తేడా మిగిలిపోతే గోపురం మూడో వరుసకే వాలుతుంది, తప్పు తనదనుకుని పిల్ల ఆట వదిలేసి వెళ్ళిపోతుంది. 80 నంబరు గరుకు కాగితంతో, ఆపైన 150తో రుద్ది, అంచులు గుండ్రం చేశారు. రంగు మాత్రం మేమే వద్దన్నాం. ఏ డబ్బాలో సీసం ఉందో తెలియదు, పిల్లలు నోట్లో పెట్టుకోక మానరు.

చింతగింజలు 3 కిలోలు వచ్చాయి. కడిగి 3 రోజులు ఎండబెట్టి, వేపాకు వేసి డబ్బాకెత్తాం. తడి ఉంటే బూజు, ఎండ చాలకపోతే పురుగు. వాటితోపాటు వచ్చిన గురివింద గింజలూ ఆముదం గింజలూ పక్కకు తీసేశాం, ఇచ్చినవారు ఏమీ అనుకోవద్దు. ఎర్రగా ముద్దొచ్చే గురివింద నమిలితే ప్రాణం మీదికొస్తుంది, ఆముదం గింజా అంతే. అసలు 4 సెంటీమీటర్ల కన్నా చిన్నదేదీ మూడేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వం. పెద్దపిల్లలు గింజలతో ఆడేటప్పుడు ఆయా పక్కనే కూర్చుంటుంది, ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి ఎత్తుతుంది.

బొత్తాలు పెట్టడం, ముడివేయడం పిల్లలు నేర్చుకునే 12 అంగుళాల చట్రాలకు కుట్టుమిషను అక్క గుడ్డ కుట్టిచ్చారు. ఒకదానికి బొత్తాలు, ఒకదానికి హుక్కులు, ఒకదానికి ముడివేసే తాళ్ళు. బొత్తాం అంగుళం వెడల్పు, కాజా దానికన్నా రవ్వంత పెద్దది. కాజా బిగువైతే రెండు నిమిషాల్లో ఏడుపే. గుడ్డ రెండు మడతలు వేశారు కాబట్టి లాగినా చిరగదు. కుమ్మరి తాత ఇచ్చిన అరలీటరు ముంతలు నీళ్ళు వంపే ఆటకు. మూతి ఒకవైపు నొక్కి ఉంది, ధార చిందదు.

పిల్లలు వేలితో తడిమి నేర్చుకునే అక్షరాల అట్టలకు ఏటి ఇసుక తెచ్చిన తమ్ముళ్ళు దాన్ని రెండుసార్లు జల్లించి, ఆరబెట్టి ఇచ్చారు. 6 అంగుళాల అట్టమీద వేలి మందాన జిగురుతో అక్షరం రాసి, ఇసుక చల్లి, ఒక రోజు ఆగి దులిపితే సరి. తడి ఇసుకైతే పెళ్ళలుగా రాలిపోతుంది. 'వ', 'మ' ఒకే రోజు ఇవ్వకూడదు, వేలికి రెండూ ఒకటే అనిపిస్తాయి. ఈ అట్టలు ఐదేళ్ళు దాటినవాళ్ళకే. మూడేళ్ళ బిడ్డకు పలక ఇచ్చి దిద్దించమని అడిగే తల్లిదండ్రులకు ఒక మాట: ఆ వేళ్ళకు ముందు కావలసింది బొత్తాలూ ముంతలూ.

గోడ చార్టులు అయిదడుగుల ఎత్తు నుంచి రెండున్నర అడుగులకు దించిన ఎలక్ట్రీషియన్ బాబాయికి కూడా థాంక్స్. ఇన్నాళ్ళూ వాటిని చదివింది తనిఖీకి వచ్చినవాళ్ళే.

ఇంకా ఇవ్వాలనుకునేవారికి: 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల పొడవు చాపలు 11 కావాలి. పిల్లకో చాప ఉంటే సామాను కలిసిపోదు, తగువూ ఉండదు. సీసా మూతలు మాత్రం రెండు బస్తాలు అయ్యాయి, దయచేసి ఇక తేవద్దు.