కాలువ గట్టు మీదే ఆయన ఉద్యోగం

సంపాదకుల వారికి,

మా ఆయన కేసీ (కర్నూలు-కడప) కాలువ మీద లస్కరుగా, అంటే షట్టర్లు తిప్పి పొలాలకు నీళ్లు వదిలే పనిలో ఉండి రిటైరయ్యారు. మొన్ననే కాలం చేశారు. పేపర్లో ఫొటో వేయిద్దామని పిల్లలు అన్నారు గానీ ఆయనకు అలాంటివి గిట్టవు. అందుకే ఈ ఉత్తరం.

సుంకేసుల బ్యారేజీ నుంచి తుంగభద్ర నీళ్లు వదిలారంటే ఇక మనిషి ఇంటిపట్టున ఉండేవారు కాదు. భుజాన తువ్వాలు, చేతిలో టార్చిలైటు, షట్టరు తిప్పే ఇనుప హ్యాండిల్. చివరి ఆయకట్టు రైతు వచ్చి "అన్నా, మడి ఎండిపోతాంది" అంటే అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. పై పొలాలవాళ్లు కాలువకు అడ్డం వేసిన రాళ్లూ, గడ్డీ లాగేసి తిట్లు తినేవారు. ఒకసారి ఆ రాళ్లు మా సొంత అన్నయ్యవే. ఆ ఏడాది ఉగాదికి పుట్టింటి నుంచి పిలుపు రాలేదు లెండి.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు పిల్లల సర్టిఫికెట్లు నా చేతికిచ్చి మమ్మల్ని మిద్దె ఎక్కించారు. తర్వాత పక్కింటి అవ్వను వీపున మోసుకొచ్చారు. తన సర్వీసు కాగితాల సంగతి మాత్రం మర్చిపోయారు. ఆ తర్వాత వాటి కోసం ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో!

పెన్షన్ డబ్బులో మొదటి ఖర్చు మనవరాలి పుస్తకాలకే.

ఆయన తిరిగిన గట్టు మీద ఇప్పుడు ముళ్లకంపలు పెరిగాయి. ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. అధికారులు ఆ పోస్టు నింపాలి. ఊరివాళ్లనే తీసుకుంటే మేలు, ఎవరి మడి ఎక్కడుందో వాళ్లకే తెలుసు.

- ఒక పాఠకురాలు, కర్నూలు