2024–25 వార్షిక నివేదిక: కొలిమి ఒకచోట, గని ఒకచోట

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, రక్తదాన శిబిరం, పార్కు గోడకు సున్నం ఎప్పటిలాగే అయ్యాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. నేను చెప్పాల్సింది మన ఆదివారం అధ్యయన బృందం సంగతి.

అది వడియాల దగ్గర మొదలైంది. మేడ మీద ఆరేసిన వడియాల పళ్లేన్ని ఒక సభ్యురాలు నేరుగా సమావేశానికే పట్టుకొచ్చారు. వేలితో రాస్తే బొగ్గుపొడి కాటుకలా అంటింది. "ఇంత బొగ్గు లేకపోతే ఉక్కు రాదా?" అని ఆవిడ ప్రశ్న. గాలి తగలకుండా బొగ్గును కాల్చి కోక్ చేసే కోక్ ఓవెన్స్ విభాగంలో రిటైరైన పెద్దాయన చెప్పారు: "ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి, అదే బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ వంటచెరకు ఒక్కటే కాదమ్మా. ఖనిజంలోంచి ఆక్సిజన్ లాగేదీ అదే, పైన పోసిన సరుకు బరువు మోసేదీ అదే." ఈ పద్ధతిలో టన్ను ఉక్కుకు సుమారు 770 కిలోల బొగ్గు కావాలి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మన విశాఖ ఉక్కు ఫర్నేసులకు ఎంత చక్కటి పేర్లున్నా, వాటి కోకింగ్ బొగ్గు చాలావరకు విదేశీ ఓడల్లోనే వస్తుంది.

సహజవాయువుతో, హైడ్రోజన్‌తో ఇనుము తీసే దారులున్నా పెద్ద కంపెనీలు ఎందుకు కదలవు? దీనికి జవాబు వాటాల పట్టికల్లో దొరికింది. ఆస్ట్రేలియాలో బ్లాక్‌వాటర్ బొగ్గు గని 2024 ఏప్రిల్ 2న బీహెచ్‌పీ–మిత్సుబిషి కూటమి నుంచి వైట్‌హేవెన్ అనే బొగ్గు కంపెనీ చేతికి వెళ్లింది. 2025 మార్చి 31న, అంటే మనం లెక్కల పుస్తకం మూసిన రోజునే, అందులో 20 శాతం నిప్పన్ స్టీల్‌కూ 10 శాతం జేఎఫ్‌ఈకీ చేరింది; రెండూ జపాన్ ఉక్కు కంపెనీలే. ధర 108 కోట్ల డాలర్లు. కెనడాలోని ఎల్క్ వ్యాలీ గనుల్లో గనుల కంపెనీ గ్లెన్‌కోర్‌కు 77, నిప్పన్‌కు 20, కొరియా ఉక్కు కంపెనీ పోస్కోకు 3 శాతం. బొగ్గు రేటు పెరిగితే ఇలాంటి ఉక్కు కంపెనీకి ఫర్నేసు పద్దులో పోయింది కొంత గని పద్దులో తిరిగొస్తుంది. రేపు కొలిమి మార్చాలంటే మాత్రం తన గని బేరానికి తానే గండి కొట్టుకోవాలి. ఆ పని ఎవరు చేస్తారు?

మన నక్కపల్లిలో ఉక్కు కర్మాగారం తలపెట్టిన కంపెనీలో 60 శాతం ఆర్సెలర్ మిత్తల్‌ది, 40 శాతం ఇదే నిప్పన్‌ది.

పరాయివాళ్ల గొడవేలే అనుకుంటుండగా ఇంకో కాగితం బయటపడింది. ప్రభుత్వరంగ సంస్థల కూటమి ఐసీవీఎల్ 2014లో మొజాంబిక్‌లోని బెంగా బొగ్గు గనిలో గనుల కంపెనీ రియో టింటోకున్న 65 శాతం వాటాను, అక్కడి మరికొన్ని బొగ్గు ఆస్తులతో కలిపి, 5 కోట్ల డాలర్లకు కొంది. ఆ కూటమిలో మన విశాఖ ఉక్కూ వాటాదారే. "సొంత గనుల్లేకే కదా ప్లాంటు నష్టాల్లో పడింది, ఇప్పుడు గనులొద్దంటారా?" అని ఒకరు గట్టిగానే అన్నారు. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఆమోదించినప్పుడు అదే వాదన మళ్లీ లేచింది. నా మట్టుకు నాకు ఇనుప ఖనిజం గని అడగడం వేరు, బొగ్గు గనిలో వాటా వేరు. ఏ పద్ధతిలో కొత్తగా ఇనుము తీసినా ఖనిజం కావాల్సిందే, బొగ్గు అలా కాదు. ఇది తీర్మానం కాదు, మినిట్స్‌లో నా అభిప్రాయంగానే రాశాం.

పొడి గురించి సంబంధిత కార్యాలయానికి రెండు అర్జీలు పెట్టాం, జవాబు లేదు. అందుకని నాలుగు మేడల మీద తెల్లపళ్లేలు పెట్టి, వారానికోసారి పొడి తూచి రాస్తున్నాం. చిన్న త్రాసు సంఘం డబ్బుతోనే కొన్నాం, రసీదు కోశాధికారి దగ్గరుంది.

— కార్యదర్శి