బాల్ పైథాన్‌ని కొండచిలువ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

బ్యాంకాక్ నుంచి చెన్నైలో దిగిన ఒక ప్రయాణికుడి సామానులో పాములు దొరికాయన్న వార్త ఈ మధ్య మీ పత్రికలో చదివాను. శీర్షికలో 'కొండచిలువ పిల్లలు' అని వేశారు. ఫొటోలో ఉన్నవి బాల్ పైథాన్ పిల్లలు, అంటే ఇళ్లలో పెంచుకునే ఒక చిన్న ఆఫ్రికా పాము పిల్లలు. ఇంత చిన్న విషయానికి ఉత్తరం ఎందుకని అనుకోవచ్చు. ఆ వార్త వచ్చిన రెండో రోజే చోడవరం దగ్గరి మా ఊరి నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామయ్యా, మన చెరకు తోట గట్టు కింద కొండచిలువ గుడ్లు పెట్టి చుట్టుకుని కూర్చుంది. నువ్వు అమెరికాలో చేసే పనే కదా, తెచ్చి పొదిగిస్తే పిల్లకి ఎంత వస్తుంది?" అన్నాడు. నాకు ఒళ్లంతా చెమటలు పట్టాయి.

నేను టెక్సస్‌లో ఉంటాను. ఉద్యోగం చేసుకుంటూనే పదకొండేళ్లుగా బాల్ పైథాన్లు పెంచి పిల్లల్ని అమ్ముతున్నాను. ఇవి పశ్చిమ ఆఫ్రికా పాములు. ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డి మైదానాల్లో ఉంటాయి. నాలుగైదు అడుగులకు మించి పెద్దగా పెరగవు. భయపడితే తల లోపలికి దాచుకుని బంతిలా ముడుచుకుపోతాయి, అందుకే ఆ పేరు. మన కొండచిలువ వేరే జాతి. పదడుగులు దాటుతుంది. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. దాన్ని పట్టుకున్నా, గుడ్లు తీసినా, అమ్మినా జైలుకు పోవాల్సిందే. పేరు ఒకటే రాస్తే ఈ తేడా పల్లెలో కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

ఇంకో మాట కూడా వాడికి చెప్పాను. కొండచిలువ తల్లి ఊరికే గుడ్ల మీద కూర్చోదు. రెండు నెలల పాటు కండరాలు అదిలిస్తూ, ఒళ్లు వేడి చేసుకుని ఆ వేడి గుడ్లకి ఇస్తుంది. బయటివాళ్లకి అది వణుకులా కనిపిస్తుంది. అలాంటి తల్లి కింద నుంచి గుడ్లు లాగడానికి మనకి చెయ్యి ఎలా వస్తుంది?

ఇక డబ్బు సంగతి. మామూలు రంగు బాల్ పైథాన్ పిల్లని ఇక్కడ 50 డాలర్లకు కొనేవాళ్లు కూడా ఒక్కోసారి దొరకరు. వేలకు వేలు పలికేవి అరుదైన రంగులు. వాటి వెనక ఏళ్ల తరబడి జతలు కట్టించిన ఓపిక ఉంటుంది. 'స్పైడర్' అనే రంగు చూడటానికి అందంగా ఉంటుంది కానీ ఆ జన్యువుతో పాటే తల వణుకు వస్తుంది. ఒక్కసారి పుట్టించాను. ఎలుకపిల్లని పట్టుకోబోయి గురి తప్పి, తల వెనక్కి వాలిపోయిన పిల్లని చూశాక మళ్లీ ఆ జత కట్టించలేదు.

గుడ్లని ఇంక్యుబేటర్‌లో (పొదిగే పెట్టెలో) 31, 32 డిగ్రీల వేడిలో 55 నుంచి 60 రోజులు ఉంచుతాం. మూతి చివర ఉన్న బుల్లి పన్నుతో పిల్ల తోలు లాంటి పెంకుని చీల్చి తల బయటపెడుతుంది. ఒక్కోసారి రోజంతా అలాగే చూస్తూ ఉంటుంది. మనం లాగకూడదు, లోపల మిగిలిన సొనని ఒంట్లోకి తీసుకుంటూ ఉంటుంది. వారం పది రోజులకి మొదటి కుబుసం విడిచాకే తిండి మొదలు. పోయినేడు ఒక పిల్ల ఏడు వారాలు ఏమీ ముట్టలేదు. రోజూ టెన్షనే. డబ్బా మార్చాం, చీకటి చేశాం, ఎలుకపిల్లని వేడినీళ్లలో వెచ్చబెట్టి ఇచ్చాం. ఓ రాత్రి పదకొండింటికి చటుక్కున పట్టుకుని చుట్టేసింది. మా అమ్మాయి వేసిన కేకకి ఇంట్లో అందరూ లేచారు.

అందుకే అయిదుసార్లు తనంతట తాను తిననిదే ఏ పిల్లనీ అమ్మను. కొనేవాళ్లు ముందు గూడు సిద్ధం చేసి, అందులో వారం రోజులు వేడి ఎంత ఉందో రాసిన లెక్క చూపించాలి. ఇది ముప్ఫై ఏళ్లు బతుకుతుంది, నీ పిల్లలు కాలేజీకి వెళ్లాక ఎవరు చూస్తారని అడుగుతాను. ఇక్కడి సెయింట్ లూయిస్ జూలో అరవై దాటిన బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది మరి. మోజు తీరాక జనం వదిలేసిన బర్మా కొండచిలువలు ఫ్లోరిడా చిత్తడి నేలల్లో ఇప్పుడు ఎంత నాశనం చేస్తున్నాయో ఇక్కడ అందరికీ తెలుసు.

మన దేశంలోనూ బాల్ పైథాన్ ఉన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చచ్చిపోయినా చెప్పాలి. 2022లో వన్యప్రాణి చట్టం మార్చాక వచ్చిన నిబంధన ఇది. గుడ్డ సంచుల్లో కుక్కి తెచ్చిన పిల్లకి ఏ కాగితమూ ఉండదు. ఆ వార్తలో ఈ నాలుగు ముక్కలూ కలిపి వేస్తే ఎంత బాగుండేది!

మా వాడు అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చి చూసి, తల్లిని కదపొద్దని చెప్పి వెళ్లారట. ఇప్పుడు ఆ గట్టు వైపు పశువుల్ని కూడా పోనివ్వడం లేదు. మళ్లీ ఇలాంటి ఫొటో వేసినప్పుడు దయచేసి కింద 'బాల్ పైథాన్' అనే రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
టెక్సస్, అమెరికా