బ్యాండు వాళ్లు కళాకారులు కారా సార్? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నల్గొండ నుంచి ఒక బ్యాండు మేళం మనిషి నమస్కరించి రాసేది. ఇదివరకు అన్నకు కళాకారుల పింఛన్ కోసం మూడు అర్జీలు పెట్టాం, ఒక్కదానికీ జవాబు రాలేదు. అవన్నీ ఆయన బతికుండగా పెట్టినవి. ఇప్పుడు అన్న లేడు. అందుకే నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ముప్పై ఏళ్లు ఆయన సాక్సోఫోన్ ఊదితే నేను పక్కన సైడ్ డ్రమ్ము కొట్టాను. గడియారం సెంటర్ మీదుగా పోయిన బారాత్‌లు, చెర్వుగట్టు జాతర, లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సు, చావులు, పెళ్లిళ్లు, అన్నిట్లో ఆయన ఊపిరి ఉంది. సాక్సోఫోన్ రంధ్రాలు మూసే ప్యాడ్లు అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర మెత్తటి తోలు ముక్క తెచ్చుకొని, రూపాయి బిళ్ల పెట్టి గీత గీసి, గుండ్రంగా కత్తిరించి అతికించుకునేవాడు. స్ప్రింగ్ పోయినచోట రబ్బరు బ్యాండు. వాయించే ముందు, ఊదేచోట బిగించే పలచటి రెల్లు బద్ద, రీడ్‌ను నోట్లో పెట్టుకొని తడుపుతూ కూర్చునేవాడు, అంతసేపూ ఎవరు పలకరించినా చేత్తోనే సైగ.

ఆయనకు జాజ్ పిచ్చి సార్, అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతం అది. నల్గొండలో బ్యాండు వాయించే మనిషికి జాజ్ ఎక్కడిదంటే, వయసులో ఉన్నప్పుడు రాత్రిపూట షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో పట్టుకునేవాడు. అందులో విల్లిస్ కోనోవర్ అనే ఆయన జాజ్ వినిపించేవాడు. నిదానంగా మాట్లాడతాడు కాబట్టి నా ఇంగ్లీషుకు కూడా అందుతాడు అనేవాడు అన్న. ఆ గరగర చప్పుడులోనే తనలాగే సాక్సోఫోన్ ఊదే కోల్ట్రేన్‌ను, చార్లీ పార్కర్‌ను విన్నాడు. కోల్ట్రేన్ మన రవిశంకర్ మీద అభిమానంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. బారాత్ పెళ్లికొడుకు ఇంటి ముందు ఆగాక, అడిగిన సినిమా పాట అయిపోయాక, పల్లవి పట్టుకొని తన ఇష్టమొచ్చినట్టు ఎటెటో పోయేవాడు. నాకు టెన్షన్, ఎక్కడ కలుస్తాడో అని. సరిగ్గా నా దెబ్బ మీదికి వచ్చి దిగేవాడు.

కళాకారుల పింఛన్ సంగతి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది. మొదటిసారి పోతే ఫొటోలు కావాలన్నారు. బారాత్‌లో ఫొటోలు పెళ్లికొడుకుకు తీస్తారు గానీ బ్యాండు వాళ్లకు ఎవరు తీస్తారు సార్? రెండోసారి పేపర్ కటింగులు, సర్టిఫికెట్లు అడిగారు. మూడోసారి పోయేసరికి అన్నకు ఆయాసం, మెట్లమీద రెండుచోట్ల కూర్చొని పైకెక్కాడు. అప్పుడు చెప్పారు, బ్యాండు కళ కిందికి రాదు, కూలి కిందికి వస్తుంది, పైగా అది విదేశీ వాయిద్యం అని. ఆ మాట మొదటిరోజే చెప్తే ఆయన అన్ని మెట్లు ఎక్కకపోయేవాడు కదా. అన్న ఏమీ అనలేదు. బస్సులో మాత్రం, కద్రి గోపాల్‌నాథ్ గారికి 2004లో పద్మశ్రీ ఇచ్చింది ఈ వాయిద్యానికే కదరా అన్నాడు. తర్వాత ఇంటిదాకా మాట్లాడలేదు.

జాజ్ పుట్టింది కచేరీ హాళ్లలో కాదు సార్. అమెరికాలో న్యూ ఓర్లీన్స్ అనే ఊరి వీధుల్లో, నల్లజాతి వాళ్లు పెళ్లికీ చావుకీ పండగకీ నడుస్తూ వాయించిన బ్యాండ్లలోంచి వచ్చింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అట్లా వీధి బ్యాండులో వాయించి పైకొచ్చినవాడే. ఆ సంగీతాన్నే ఆ దేశ ప్రభుత్వం మాది అని చెప్పుకొని ఖర్చు పెట్టి ఊరూరా పంపింది, 1958లో డేవ్ బ్రూబెక్‌ను, 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్‌ను మన దేశానికీ పంపింది. వాళ్లు చేసిందీ మేం చేసేదీ ఒకటే పని అని అన్న గట్టిగా నమ్మాడు, నేనూ నమ్ముతున్నాను. డీజే బాక్సులు వచ్చాక మాకు పనే తక్కువ, ఉన్న కొద్దిమందినీ కళాకారులు కాదంటే మేం ఎవరికి చెప్పుకోవాలి?

న్యూ ఓర్లీన్స్‌లో శవాన్ని తీసుకుపోయేటప్పుడు నెమ్మదిగా వాయిస్తారట, సాగనంపి వచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తారట. నాకూ అట్లా చేయండిరా అనేవాడు అన్న. పోయేటప్పుడు వాయించాం. వచ్చేటప్పుడు ఒక్కడికీ చెయ్యి రాలేదు.

దయచేసి బ్యాండు వాళ్లను కళాకారులుగా రాయించండి సార్. సర్టిఫికెట్లు అడగొద్దు, వాయించమని అడగండి. మా వదినకు ఏదైనా దారి చూపించండి, ఆమెకు మందులకే సరిపోవడం లేదు. అన్న అర్జీ ఏమైందో కనీసం ఒక ముక్క రాయండి. ఇంకేం అడగాలో కూడా నాకు తెలియడం లేదు.

వచ్చే సోమవారం వదినను తీసుకొని మళ్లీ ఆ ఆఫీసుకే వస్తున్నాను. ఫొటోలు లేవు. అన్న సాక్సోఫోన్ తెస్తాను, రబ్బరు బ్యాండ్లు దానికే ఉన్నాయి.

ఇట్లు,
సైడ్ డ్రమ్ము వాయించే ఒక తమ్ముడు, నల్గొండ